కామెర్లు, హెపటైటిస్ పరీక్షలు, ఆకు మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మైక్రోబయాలజీ చెప్పుకునే నాకు వానలు మొదలవగానే ఫోనుకు ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు వస్తాయి. కింద ఒకే వాక్యం ఉంటుంది: ‘ఇది ప్రమాదమా?’ బంధువులు, పాత విద్యార్థులు, పక్క వీధివాళ్లు అడిగేవి దాదాపు అవే సందేహాలు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి, మీకు కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు. మందు రాయడం, మార్చడం మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరు పని.

## కళ్లు పచ్చబడినప్పుడు

కామెర్లు వచ్చాయి. ఏ రకమో కళ్లు చూసి చెప్పలేరా?

చెప్పలేరు. కళ్లలో కనిపించే పసుపు బిలిరుబిన్ అనే వ్యర్థ పదార్థానిది. వైరస్ వల్లనే కాదు, పిత్తాశయంలో రాళ్లు, మద్యం, మలేరియా, కొన్ని టీబీ మందుల వల్ల కూడా అది పెరుగుతుంది. వైరస్ అనుకున్నా, హెపటైటిస్ (కాలేయ వాపు) తెచ్చే వైరస్‌లు ఐదు. ఎ, ఇ రకాలు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి, డి రకాలు రక్తం ద్వారా వస్తాయి. బి రకం లైంగిక సంబంధం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతుంది. డి రకానికి సొంతంగా బతికే శక్తి లేదు, బి ఉన్నవారికే సోకుతుంది.

అందుకే మొదటి రోజే లివర్ ఫంక్షన్ టెస్టుతో పాటు హెపటైటిస్ ఎ ఐజీఎం, ఇ ఐజీఎం (ఈమధ్యే సోకిందని చెప్పే పరీక్షలు), బి రకాన్ని పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ, సి యాంటీబాడీ, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ చేయించాలి. చాలామంది బిలిరుబిన్ ఒక్కటే చూసుకుని, అది పది నుంచి ఎనిమిదికి దిగిందని సంతోషిస్తారు. వైరస్ పేరు తెలియకుండా ఆ అంకెతో చేయగలిగింది తక్కువ.

ఇంట్లో ఫిల్టర్ నీళ్లే తాగుతాం. అయినా హెపటైటిస్ ఇ ఎలా వచ్చింది?

మీరు తాగే నీళ్లన్నీ ఇంట్లోవే అయితే ఈ ప్రశ్న సరైనదే. కానీ బండి మీద చట్నీ, పెళ్లి భోజనంలో గ్లాసు కడిగిన నీళ్లు, చెరకు రసంలో ఐసు మన లెక్కలోకి రావు. నగరంలో చాలా చోట్ల నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగిన వేళ పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు చిన్న చిల్లు ఉంటే బయటి మురికి లోపలికి చేరుతుంది. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్ ఇ ప్రబలినప్పుడు వైద్య పత్రికల్లో దాని గురించి రాశారు. దేశంలో ఇలాంటి సంఘటనల్లో అందరూ ఉదాహరించేది 1955-56 నాటి ఢిల్లీ. యమున నీటిలో మురుగు కలిసి వేలమందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకం పని అని తేలింది దశాబ్దాల తర్వాతే.

మరో సంగతి. ఈ వైరస్ ఒంట్లోకి చేరిన 2 నుంచి 10 వారాలకు గానీ కామెర్లు బయటపడవు. నిన్న తిన్న పానీపూరీ మీద నింద వేయకండి, పోయిన నెలలో తిన్నదాన్ని గుర్తు చేసుకోండి. నీళ్లు తెర్లే దాకా కాచడం మాత్రం ఎప్పటికీ నమ్మదగిన ఉపాయమే.

ఎ, ఇ రకాలకు టీకా ఉందా?

ఎ రకానికి ఉంది. మన దేశంలోనే రూపొందించిన మొదటి హెపటైటిస్ ఎ టీకా ‘హావిష్యూర్’ను హైదరాబాద్ సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 2024 జనవరిలో విడుదల చేసింది. ఇ రకానికి చైనాలో 2011లో అనుమతి పొందిన టీకా ఉంది కానీ ఇక్కడ వాడకంలో లేదు.

గర్భిణికి కామెర్లు వస్తే అంత ప్రమాదమా?

అవును. హెపటైటిస్ ఇ మామూలుగా వందలో ఒకరి ప్రాణం కూడా తీయదు. నెలలు నిండే దశలోని గర్భిణుల్లో మాత్రం కాలేయం హఠాత్తుగా విఫలమై నూటికి ఇరవై మందికి పైగా చనిపోయిన సందర్భాలున్నాయి. పసరు, పత్యం అంటూ ఒక్క రోజు కూడా ఆగవద్దు. పెద్దాసుపత్రికే వెళ్లండి.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే పరుగెత్తాలి?

రోగి మత్తుగా పడి ఉండటం, పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఐఎన్‌ఆర్ 1.5 దాటడం. బిలిరుబిన్ తక్కువగానే ఉన్నా ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

## రిపోర్టు చేతికి వచ్చాక

హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని ఉంది. ఇక అయిపోయినట్టేనా?

కాదు. మీ రక్తంలో హెపటైటిస్ బి వైరస్ పై పొర తాలూకు ప్రొటీన్ దొరికిందని మాత్రమే దాని అర్థం. బరూచ్ బ్లమ్‌బర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. అందుకే చాలాకాలం దీన్ని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అన్నారు. మన పాత ల్యాబ్ కాగితాల్లో ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు.

ఇది కొత్తగా సోకిందా, ఎప్పటినుంచో ఉందా అన్నది ముందు తేలాలి. ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. పెద్దయ్యాక సోకినవారిలో నూటికి 95 మంది ఒంటి శక్తితోనే వదిలించుకుంటారు. పుట్టుకతో సోకిన శిశువుల్లో దాదాపు 90 శాతం మందిలో అది ఉండిపోతుంది. మనదగ్గర పాజిటివ్ వచ్చిన చాలామందికి అది అమ్మ నుంచో, పసితనంలోనో వచ్చినదే. అందుకే, పాజిటివ్ అనగానే మనిషి నడవడికను అనుమానించే మన అలవాటు వైద్యపరంగానూ తప్పే.

తర్వాత చేయించాల్సినవి: వైరస్ ఎంత చురుగ్గా ఉందో చూపే హెచ్‌బీఈఏజీ, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరిమాణం, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు, అల్ట్రాసౌండ్. డి రకానికి పరీక్ష కూడా ఒకసారి అడగండి, దాన్ని చాలాచోట్ల మర్చిపోతారు. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి, నెగెటివ్ ఉన్నవారికి టీకా వేయించాలి.

ఎస్‌జీపీటీ నార్మల్ ఉంది. ఇక భయం లేనట్టేనా?

ఎస్‌జీపీటీ, ఏఎల్‌టీ ఒకటే, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్. చాలా ల్యాబులు 40 నుంచి 50 వరకు నార్మల్ అని అచ్చువేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో గీత ఇంకా కిందే ఉంది, పురుషులకు 30, స్త్రీలకు 19. ఒక్కసారి నార్మల్ వచ్చినంత మాత్రాన బి వైరస్ ఊరుకున్నట్టు కాదు. అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏఎల్‌టీ నార్మల్‌గా ఉంటూనే కాలేయంలో మచ్చలు పడుతున్నవారూ ఉన్నారు. 2024లో ఆ సంస్థ బి చికిత్స అర్హతలను సడలించింది. డీఎన్‌ఏ మిల్లీలీటరుకు 2000 యూనిట్లు దాటి, ఏఎల్‌టీ పరిమితి దాటితే మందు మొదలుపెట్టవచ్చు. ‘ఇప్పుడే అక్కర్లేదు’ అని ఐదేళ్ల కిందట విన్నవారు మరోసారి డాక్టర్ని కలవడం మంచిది.

హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్. వైరస్ ఉన్నట్టా, లేనట్టా?

ఈ రిపోర్టుతో తేలదు. యాంటీబాడీ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందన్న గుర్తు. సుమారు మూడో వంతు మందిలో అది తనంతట తానే పోతుంది. మందులతో పోయినవారూ ఉంటారు. యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి రక్తంలో ఉండిపోతుంది. వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పేది సి వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఒక్కటే అనుకోండి. వైరస్ ప్రొటీన్‌ను పట్టే కోర్ యాంటిజెన్ పరీక్ష కూడా ఉంది కానీ అన్నిచోట్లా దొరకదు.

ఇక్కడే చాలామంది జారిపోతున్నారు. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవారిని ‘ఇంకో రోజు వచ్చి రక్తం ఇవ్వండి’ అని పంపేస్తే సగంలో ఆగిపోతారు. అందుకే మొదటి నమూనాతోనే వెంటనే ఆర్‌ఎన్‌ఏ కూడా చేసేయాలన్నది నేటి సలహా. గోవాలో తయారయ్యే ట్రూనాట్, విదేశీ జీన్‌ఎక్స్‌పర్ట్ వంటి చిన్న యంత్రాలు దాన్ని సాధ్యం చేశాయి. రెండు గంటల్లోపే ఫలితం తెలుస్తుంది, పెద్ద పీసీఆర్ గది అక్కర్లేదు. ఇంట్లోనే నోటి నమూనాతో చేసుకునే సి పరీక్ష ఒకదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తింపునిచ్చింది. అదీ యాంటీబాడీ పరీక్షే, ఆర్‌ఎన్‌ఏ అవసరం తప్పదు.

కార్డు టెస్టులో నెగెటివ్, ల్యాబ్‌లో పాజిటివ్. ఏది నమ్మాలి?

సాధారణంగా ల్యాబ్ యంత్రంలో చేసిన ఎలైసా, సీఎల్‌ఐఏ పరీక్షనే. అవి తక్కువ మోతాదును కూడా పట్టుకుంటాయి. అయితే అంచు మీద ఉన్న పాజిటివ్‌ను మళ్లీ నిర్ధారించుకోవాలి. కార్డు టెస్టు జనాన్ని జల్లెడ పట్టడానికి పనికొస్తుంది, ఒక మనిషి విషయం తేల్చడానికి కాదు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. రిపోర్టు మారుతుందా?

మారవచ్చు. కొన్ని ల్యాబ్ పరీక్షల్లో బయోటిన్‌నే పట్టుకొక్కెంలా వాడతారు. రక్తంలో అది ఎక్కువైతే పరీక్ష తప్పుదారి పడుతుంది. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లో చెప్పండి.

బయాప్సీ లేకుండా లివర్ ఎంత పాడైందో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. ఫైబ్రోస్కాన్ కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తుంది. ఖర్చు లేని దారి ఒకటుంది, దాన్ని మీరే లెక్క వేసుకోవచ్చు. పేరు ఫిబ్-4. వయసును ఏఎస్‌టీతో (ఏఎల్‌టీ లాంటి మరో ఎంజైమ్, రిపోర్టులో ఎస్‌జీఓటీ) గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని, ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 50 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 80, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్ష అనుకుందాం. 50 ఇంటూ 80 అంటే 4000. 100 ఇంటూ 8 అంటే 800. ఫలితం 5. అది 3.25 దాటితే మచ్చలు బాగా ముదిరాయని అనుమానించాలి, 1.45 కంటే తక్కువైతే ఆ అవకాశం తక్కువ. అదే మనిషికి ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలుంటే జవాబు 2, అంటే స్కాన్‌తో తేల్చుకోవలసిన మధ్యస్థం. మరీ చిన్న వయసువారిలో, అప్పుడే కామెర్లు వచ్చినవారిలో ఈ లెక్క పనికిరాదు.

## పసరు, కషాయం, మాత్రలు

మా బాబాయికి పసరు మందుతోనే తగ్గింది. మరి అదంతా అబద్ధమా?

తగ్గడం నిజం. తగ్గించింది పసరు అన్నదే తేలాల్సిన సంగతి. ఎ, ఇ రకాల కామెర్లు దాదాపు అందరిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మూడు ఆదివారాలు పసరు మింగినా తగ్గుతాయి, మజ్జిగన్నం తిని పడుకున్నా తగ్గుతాయి. వచ్చినవారిలో నూటికి తొంభై ఐదు మంది ఎలాగూ కోలుకునే జబ్బుకు మందు ఇచ్చేవాడికి పేరు రాకుండా ఎలా ఉంటుంది? మిగిలిన ఐదుగురు తిరిగి అతని దగ్గరకు వెళ్లరు, ఆసుపత్రికి వస్తారు. మేం చూసేది వాళ్లనే.

చేతులు కడిగిస్తే పసుపు నీళ్లు దిగడం కూడా అద్భుతమేమీ కాదు. మామిడి బెరడు రసం రాసిన చేతిని సున్నపు నీళ్లతో కడిగితే కామెర్లు లేనివాడి చేతి నుంచీ పసుపు నీళ్లే వస్తాయి. మీరూ చేసి చూడవచ్చు.

పసరు వల్ల రెండు నష్టాలు. ఒకటి, అందులో ఏముందో ఇచ్చేవారు చెప్పరు కాబట్టి కాలేయం ఇంకా దెబ్బతింటే కారణం కనిపెట్టలేం. రెండోది ఇంకా పెద్దది. ఆ కామెర్లు బి రకానివో, పిత్తనాళంలో రాయి వల్ల వచ్చినవో అయితే చేజారేది కాలం. చేతి మీద వాతలు పెట్టించుకుని పుండ్లతో వచ్చేవారిని చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు.

నేల ఉసిరి బి వైరస్‌ను పోగొడుతుందని లాన్సెట్‌లోనే వచ్చిందట కదా?

ఆ పేరున్న వైద్య పత్రికలో వచ్చింది, 1988లో. మద్రాసులో త్యాగరాజన్, సహచరులు చేసిన పరీక్ష అది. హెపటైటిస్ బి ఉన్నవారికి నేల ఉసిరి పొడి నెల రోజులు ఇస్తే 59 శాతం మందిలో హెచ్‌బీఎస్‌ఏజీ మాయమైందని, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 4 శాతం మందిలోనే అలా జరిగిందని రాశారు. అంతకు ముందే నేల ఉసిరి సారం వుడ్‌చక్ అనే జంతువుల్లో బి లాంటి వైరస్‌ను తగ్గించిందని బ్లమ్‌బర్గ్ బృందం ప్రచురించింది. ఆస్ట్రేలియా యాంటిజెన్ కనిపెట్టిన మనిషే మన దొడ్లో పెరిగే మొక్క మీద పనిచేశాడంటే ఆశ పుట్టడం సహజం.

తర్వాత థాయిలాండ్ వంటి చోట్ల ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మొక్క జాతి తేడానా, కోసిన కాలమా, అసలు మొదటి పరీక్షే చిన్నదై, గమనించిన కాలం తక్కువ కావడమా అన్న వాదన చాలా నడిచింది. 2011లో కాక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే సంస్థది) అందుబాటులో ఉన్న పరీక్షలన్నిటినీ పరిశీలించి, వాడమని చెప్పేందుకు తగిన ఆధారం లేదని తేల్చింది. నా అభిప్రాయం ఇది: ఆ పరిశోధన మోసం కాదు, నిజాయితీగా అడిగిన మంచి ప్రశ్న. జవాబు మాత్రం మనం కోరుకున్నట్టు రాలేదు. 1988 కాగితాన్ని పట్టుకుని ఇప్పుడు డబ్బాలు అమ్మేవారు ఆ తర్వాతి కథను దాచిపెడుతున్నారు.

తిప్పతీగ, పసుపు ఇంటివే కదా. వాటివల్ల హాని ఏముంటుంది?

కూరలో పసుపుకు ఏమీ కాదు. సంగతి మాత్రలతోనే. పసుపులోని కర్క్యుమిన్‌ను పేగులు సరిగా పీల్చుకోవు. గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో దొరికేది స్వల్పం. అందుకని మాత్రల్లో మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కేలా చేస్తారు. అలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారి కేసులు అమెరికాలో వరుసగా నమోదయ్యాయి. వారిలో చాలామందికి ఒకే రకం జన్యు లక్షణం ఉందని కూడా గమనించారు.

తిప్పతీగ కషాయాన్ని కోవిడ్ కాలంలో మన నగరంలో గ్లాసులకు గ్లాసులు తాగారు. 2021లో ముంబయి వైద్యులు, ఆ తర్వాత దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి, తిప్పతీగ తీసుకున్నాక ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను (ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు) పోలిన జబ్బు వచ్చిన రోగుల వివరాలు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది, దాన్ని పోలిన వేరే తీగను వాడి ఉంటారని అంది. వాదన ఎలా ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ వంటి ఆటోఇమ్యూన్ సమస్యలున్నవారు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది. ఏం తాగుతున్నారో డాక్టరుకు చెప్పండి. తిడతారని దాచవద్దు.

సిలిమారిన్ మాత్రలు డాక్టరే రాశారు. అదీ మొక్క మందే కదా?

అవును, మిల్క్ థిసిల్ అనే మొక్క గింజల సారం. హాని తక్కువ కాబట్టే ధారాళంగా రాస్తారు. ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందుతో తగ్గని సి రోగులు 154 మందిలో మామూలు కంటే ఎక్కువ మోతాదు ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష ఫలితం 2012లో వచ్చింది. ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనిపించలేదు. విషపు పుట్టగొడుగులు తిన్నవారికి ఇదే పదార్థాన్ని నరానికి ఎక్కిస్తారు, అది వేరే సంగతి. వాడితే వాడండి, బి మందు బదులుగా మాత్రం కాదు.

ఫలానా మొక్కలోని రసాయనం హెపటైటిస్ వైరస్‌ను 90 శాతం అడ్డుకుందని పేపర్లో చదివాను. మందు ఎప్పుడు వస్తుంది?

ఎక్కడ అడ్డుకుందో ముందు చూడండి. ఈమధ్య ఇలాంటి వార్తల్లో సగం కంప్యూటర్ డాకింగ్ మీదే నడుస్తాయి. వైరస్ ప్రొటీన్ ఆకారాన్ని, మొక్క రసాయనం ఆకారాన్ని తెరమీద పెట్టి, ఒకదానిలో ఒకటి ఎంత బాగా ఇముడుతుందో లెక్కిస్తారు. విద్యార్థులకు అది మంచి అభ్యాసం. రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తర్వాతి మెట్టు హెప్‌జీ2, హెచ్‌యూహెచ్7 వంటి కాలేయ క్యాన్సర్ కణాలు. గిన్నెలో వాటి మీద నేరుగా రసాయనం పోస్తారు. అక్కడ పనిచేసిన మోతాదు మనిషి రక్తంలోకి రావాలంటే కొన్నిసార్లు కిలోల కొద్దీ ఆకు తినాలి. పైగా వైరస్ తగ్గింది మందు వల్లనా, కణాలే చచ్చిపోయాయా అన్నది విడిగా చూపాలి. కర్క్యుమిన్ వంటి కొన్ని రసాయనాలు దాదాపు ఏ పరీక్షలో వేసినా ‘పనిచేసినట్టు’ కనిపిస్తాయి. పరీక్ష విధానాన్నే తికమక పెట్టడం వాటి గుణం. 2017లో రసాయన శాస్త్రవేత్తలు దీనిమీద ఘాటైన సమీక్షే రాశారు.

నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్, కటుకరోహిణి సారం పిక్రోలివ్, గ్రీన్ టీలోని ఈజీసీజీ గిన్నెలోనూ ఎలుకలోనూ ఆసక్తి కలిగించినవే. వీటిలో ఏదీ హెపటైటిస్ వైరస్‌కు ఆమోదిత మందు స్థాయికి చేరలేదు. గ్రీన్ టీ సారం మాత్రలైతే కాలేయానికి హాని చేయడంలో పేరు తెచ్చుకున్నాయి. అతిమధురంలోని గ్లైసిరైజిన్‌ను జపాన్‌లో ఇంజెక్షన్‌గా చాలా ఏళ్లుగా వాడుతున్నారు. అది ఏఎల్‌టీని తగ్గిస్తుంది, వైరస్‌ను పోగొట్టదు. ఎక్కువైతే పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరుగుతుంది.

అయితే ప్రకృతిలో వెతకడం దండగేనా?

కాదు. బి వైరస్ కాలేయ కణంలోకి దూరే ద్వారం ఎన్‌టీసీపీ అని 2012లో బీజింగ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఫంగస్ నుంచి వచ్చిన సైక్లోస్పోరిన్ ఆ ద్వారానికి అడ్డుపడుతుందని గిన్నెలో తేలింది. బి వైరస్ సొంత ప్రొటీన్ ముక్కనే అచ్చుపోసి చేసిన బులెవిర్టైడ్ అదే ద్వారాన్ని మూసేస్తుంది. డి రకానికి 2020లో ఐరోపాలో అనుమతి పొందింది. మొక్కలకూ ఇలాంటి పాత్ర దొరకవచ్చు. దొరికిన రోజున అది తూచి ఇచ్చే మోతాదుగా వస్తుంది, గుప్పెడు ఆకుగా కాదు.

## చికిత్స, ఆ తర్వాత

హెపటైటిస్ సి నిజంగా పూర్తిగా నయమవుతుందా?

అవుతుంది. వైరస్‌ను 1989లో గుర్తించారు, 2013 నాటికి సోఫోస్‌బువిర్ వచ్చింది. ఇప్పుడు దాన్ని డాక్లటాస్‌విర్‌తోనో, వెల్‌పటాస్‌విర్‌తోనో కలిపి సాధారణంగా 12 వారాలు ఇస్తారు. 95 శాతం మందికి నయమవుతుంది. మందు ఆపిన 12 వారాల తర్వాత ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే నయమైనట్టు. మందు మొదలుపెట్టే ముందు బి రకం ఉందో లేదో తప్పక చూడాలి, సి పోతూ ఉంటే దాగిన బి విజృంభించవచ్చు. సిరోసిస్ (కాలేయం మచ్చలతో గట్టిపడటం) వచ్చేసినవారు నయమైనా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు.

బి మందు జీవితాంతం వాడాలా? కొత్తది ఏమైనా వస్తోందా?

చాలామంది ఏళ్ల తరబడి వాడాలి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్ ప్రతులు తీయడాన్ని ఆపుతాయి. కణ కేంద్రకంలో దాగిన సీసీసీడీఎన్‌ఏ అనే మూల ప్రతిని చెరపలేవు. సొంతంగా మందు మానేస్తే వైరస్ తిరగబడి, కాలేయం విఫలమయ్యే ప్రమాదం ఉంది.

కొత్తవాటిలో బెపిరోవిర్సెన్ మీద ఆశ ఉంది. వైరస్ రాసే ఆదేశాలనే నాశనం చేసే ఇంజెక్షన్ అది. 2022లో వచ్చిన రెండో దశ ఫలితాల్లో 24 వారాలు తీసుకున్నవారిలో సుమారు పదింట ఒకరికి హెచ్‌బీఎస్‌ఏజీ, డీఎన్‌ఏ రెండూ మాయమై, మందు ఆపాకా ఆరు నెలల పాటు అలాగే ఉన్నాయి. మామూలుగా ఏడాదికి నూటికి ఒకరికి జరిగే సంగతితో పోలిస్తే ఇది పెద్ద అడుగు. పదింట తొమ్మిది మందికి జరగలేదన్నదీ అంతే నిజం.

నాకు బి ఉంది. పుట్టబోయే బిడ్డను కాపాడుకోగలనా?

తప్పకుండా. పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా, దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) వేయించాలి. మీ డీఎన్‌ఏ రెండు లక్షలు దాటితే ఏడో నెల నుంచి టెనోఫోవిర్ ఇస్తారు. పాలు ఇవ్వవచ్చు. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచే వచ్చేది, మామూలు కుటుంబం కొనగలిగే ధర కాదు. 1997లో హైదరాబాద్ శివార్ల నుంచి వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ‘శాన్‌వ్యాక్-బి’ తెచ్చాక ఆ లెక్క మారింది. ఇప్పుడది సార్వత్రిక టీకాల్లో భాగం, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఉప్పు, నూనె మానేయాలా?

అక్కర్లేదు. కామెర్లలో ఆకలి లేనప్పుడు కొద్దికొద్దిగా తినండి, పప్పు, పెరుగు, గుడ్డు మానవద్దు. పొట్టలో నీరు చేరినవారికి మాత్రమే ఉప్పు తగ్గించాలి. మద్యం, కల్లు పూర్తిగా బంద్.

మందులకు డబ్బు లేదు. ఎక్కడికి వెళ్లాలి?

2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. గాంధీ, ఉస్మానియా వంటి ఆసుపత్రుల్లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగంలో ఆ కార్యక్రమం పేరు చెప్పి అడగండి. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.

గల్ఫ్ మెడికల్‌లో బి పాజిటివ్ అని ఆపేశారు. మూడు నెలలు కషాయం తాగితే నెగెటివ్ అవుతుందని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?

కాదు. ఆ పరీక్షలో చూసేది హెచ్‌బీఎస్‌ఏజీ. డాక్టరు మందుతో డీఎన్‌ఏ కొన్ని నెలల్లోనే కనిపించకుండా పోవచ్చు, హెచ్‌బీఎస్‌ఏజీ మాత్రం అంత త్వరగా పోదు. కషాయంతో అసలే పోదు. ఏజెంటుకు ఇచ్చే డబ్బుతో డీఎన్‌ఏ పరీక్ష, ఫైబ్రోస్కాన్ చేయించుకోండి. బి ఉన్నవారు కలిసి తిన్నా, పక్కన కూర్చుని పనిచేసినా ఎవరికీ సోకదు. అందుకే ఉద్యోగం నిరాకరించే ఆ నిబంధనలో నాకు వైద్య కారణమేదీ కనిపించదు. కానీ అది ఆ దేశాలు మార్చాల్సిన నిబంధన, ఇక్కడ ఏ మందూ దాన్ని దాటించలేదు.